తినివేయు ద్రవముల ప్రయాణము: కట్టుబాట్లును మినహాయింపులును



కొన్ని సంవత్సరముల క్రిందట మన పాఠశాలలో జరిగిన యొక సంగతితో ఈ పాఠమును ప్రారంభించెదను. మరుగుదొడ్లు కడుగుటకై ఆమ్లము తెమ్మని పనివానిని బజారునకు పంపితిని. అతడు దానిని కూల్‌డ్రింకు సీసాలో పోయించుకొని, సైకిలుకు తగిలించిన సంచిలో తెచ్చి, మంచినీటి కుండ ప్రక్కన ఉంచెను. ఆటస్థలమునుండి వచ్చిన ఆరవ తరగతి బాలుడొకడు దాహముతో ఆ సీసా మూత తీసెను. ఘాటు ముక్కునకు తగిలి ఆగిపోయెను గాని, లేనిచో ఏమి జరిగియుండెడిదో తలచుకొనిన ఇప్పటికిని నా గుండె ఝల్లుమనును. ఆ తప్పు పనివానిది కాదు; ఎట్టి పాత్రలో తేవలయునో చెప్పని నాది.

మన హోసూరు మీదుగా పోవు జాతీయ రహదారిపై రసాయనములు మోయు లారీలను మీరు చూచియుందురు. వానిలో కొన్నింటిపై, మూలమీద నిలిపిన చతురస్రము వంటి గుర్తు ఉండును. దాని పైసగము తెలుపు, క్రిందిసగము నలుపు. రెండు నాళికలనుండి కారు ద్రవము ఒక చేతిని, ఒక లోహపు ముక్కను తినుచున్నట్లు బొమ్మయు, అడుగున 8 అను అంకెయు కనబడును. ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘము అపాయకర వస్తువుల రవాణాకు సంబంధించిన సిఫారసులను 1956లో మొదటిసారి ప్రకటించెను. నేడు ఆ వస్తువులు తొమ్మిది తరగతులుగా విభజింపబడియున్నవి. తాకినదానిని తినివేయు పదార్థములు ఎనిమిదవ తరగతిలోనివి. గంధకికామ్లము, ఉదహరికామ్లము, నత్రికామ్లము మాత్రమే గాక, కాస్టిక్ సోడా ద్రావణము వంటి క్షారములును ఇందులో చేరును.

మూడు వర్గములు

ఈ తరగతి ద్రవములన్నియు సమానమైన తీవ్రత గలవి కావు. 3 నిమిషములు గాని, అంతకు తక్కువ గాని తాకినంతనే చర్మమును పూర్తి లోతువరకు నశింపజేయునవి మొదటి వర్గము. 3 నిమిషములకు మించి 60 నిమిషములలోపల అట్లు చేయునవి రెండవ వర్గము. 60 నిమిషములకు మించి 4 గంటలవరకు పట్టునవి మూడవ వర్గము. చర్మమునకు అంత హాని చేయకున్నను, 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉక్కును గాని అల్యూమినియమును గాని సంవత్సరమునకు 6.25 మిల్లీమీటర్లకు మించి తినునవియు మూడవ వర్గమున చేరును.

వర్గమును బట్టి పాత్రకు పరీక్ష గలదు. ద్రవముతో నింపిన పాత్రను గట్టి నేలపై పడవేయుదురు. మొదటి వర్గమునకు 1.8 మీటర్లు, రెండవదానికి 1.2, మూడవదానికి 0.8 మీటర్ల ఎత్తునుండి పడినను అది కారరాదు. పరీక్షను నీటితో చేసి, లోన పోయదలచిన ద్రవము నీటికంటె మిక్కిలి బరువైనదైనచో ఎత్తును పెంచవలయును. గంధకికామ్లము నీటికి సుమారు 1.84 రెట్లు బరువు. కావున దాని రెండవ వర్గపు పాత్రకు 1.9 మీటర్ల పరీక్ష. పరీక్షలో నెగ్గిన పాత్రపై ఎక్స్, వై, జెడ్ అను అక్షరములలో ఒకటి ముద్రింతురు. ఎక్స్ మూడు వర్గములకును, వై చివరి రెండింటికిని, జెడ్ మూడవదానికి మాత్రమే చెల్లును.

పాత్ర, మూత, మెత్త

పాత్రను ద్రవము తినరాదు. హైడ్రోఫ్లోరికామ్లము గాజునే తినును గనుక దానిని గాజుసీసాలో పోయరాదు. ప్లాస్టిక్ డ్రమ్ములను సామాన్యముగా తయారైన నాటినుండి 5 సంవత్సరములవరకు వాడవచ్చును; 55 శాతమునకు మించిన నత్రికామ్లమునకైనచో 2 సంవత్సరములే. వేడికి ద్రవము వ్యాకోచించును గనుక, 55 డిగ్రీలవద్దనైనను నిండిపోకుండునట్లు పాత్రలో కొంత ఖాళీ విడువవలయును.

మూత బిగువుగా నుండవలయును. ఇచ్చట నొక మినహాయింపు గలదు. బట్టలు తెల్లబరచు హైపోక్లోరైటు ద్రావణము వాయువును విడుచుచుండును. గట్టిగా బిగించినచో పాత్రయే పగులును. కావున రెండవ వర్గమునకు చెందిన ఆ ద్రావణపు పాత్రకు వాయువు పోవు మార్గము ఉండియే తీరవలయును.

ఇక సీసాకు, పెట్టెకు నడుమ నుంచు మెత్త. ఇది అల్పవిషయమని తలపవలదు. 1973 నవంబరు 3వ తేదీన పాన్ అమెరికన్ సంస్థవారి 707 సరకు విమానమొకటి న్యూయార్కునుండి స్కాట్లండునకు బయలుదేరెను. అందులో నత్రికామ్లపు గాజుసీసాలు రంపపుపొట్టు మెత్తగా వేసిన పెట్టెలలో నుండెను. రంపపుపొట్టు సీసాను దెబ్బనుండి కాపాడునేమో గాని, కారిన నత్రికామ్లము సోకినచో తనంతట తానే రగులుకొనును. పొగ విమానచాలకుల గదిని క్రమ్మెను. బోస్టనులో దిగుటకు ప్రయత్నించుచు విమానము కూలి, అందున్న ముగ్గురును మరణించిరి. కారిన ఆమ్లమునకును పొట్టునకును జరిగిన చర్యయే పొగకు మూలమై యుండునని విచారణసంఘము నిర్ణయించెను. నిబంధనలు అప్పటికే కలవు. కాని అవి చిక్కైనవనియు, పనిచేయువారికి వాని పరిచయము లేకుండెననియు ఆ సంఘమే చెప్పెను.

కొద్ది పరిమాణములకు మినహాయింపు

రెండవ వర్గపు ద్రవము సీసాకు 1 లీటరు, మూడవ వర్గపుది 5 లీటర్లు మించక, మొత్తము పెట్టె బరువు 30 కిలోగ్రాములు దాటనిచో, పైపెట్టెకు ఆ పరీక్షముద్ర అక్కరలేదు. మూలమీద నిలిచి, పైమూలయు క్రిందిమూలయు నల్లగానున్న చతురస్రపు గుర్తు చాలును. మొదటి వర్గమునకు ఈ సౌకర్యము లేదు. రెండవ వర్గపు ద్రవము గాజుసీసాలో నున్నచో నడుమ మరియొక గట్టి పాత్ర ఉండవలయును. ఇంకను అల్పమైన పరిమాణమునకు, అనగా రెండవ వర్గపు ద్రవము 30 మిల్లీలీటర్ల సీసాలలో, పెట్టెకు 500 మిల్లీలీటర్లు మించక పంపునపుడు, మరికొంత సడలింపు కలదు. అయినను ఆ చిన్న పెట్టెయు 1.8 మీటర్ల ఎత్తునుండి పడి నిలువవలయును!

దీనివలన మనము గ్రహింపవలసినదేమి? మినహాయింపు కాగితములను, ముద్రలను తగ్గించును గాని జాగ్రత్తను తగ్గింపదు. “కొంచెమే గదా” అనుట మినహాయింపు కాదు. అది నేను చేసిన పొరపాటు.

చదువు, భాష

మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో తొమ్మిదవది, ఇట్టి సరకు లారీని నడుపువాడు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భారతీయ భాషను, దానితోపాటు ఇంగ్లీషును చదువను వ్రాయను నేర్చియుండవలెనని విధించినది. ఆ షెడ్యూలులో మన తెలుగును గలదు. అక్షరజ్ఞానము ప్రాణరక్షకమని దీనికంటె వేరు నిదర్శన మేల?

ఆ దినమునుండి మన పాఠశాలలో ఆమ్లమును అంగడివారి అసలు పాత్రలోనే తెప్పించి, తాళము వేసిన అలమారలో ఉంచుచున్నాము. మూడు భాషలు వినబడు ఊరు మనది గనుక, ప్రతి సీసాపై పేరును తెలుగు, తమిళము, కన్నడములలో వ్రాసి, చదువురాని వారికై అపాయచిహ్నమును అంటించితిమి. మీ యిండ్లలోను త్రాగు సీసాలో ఆమ్లము ఎన్నడును పోయవలదని పెద్దలకు మీరే చెప్పవలయును.

ప్రశ్నలు

1. నత్రికామ్లపు సీసాల చుట్టును రంపపుపొట్టు ఏల వేయరాదు?
2. వై అక్షరము గల డ్రమ్ములో మొదటి వర్గపు ద్రవమును పంపవచ్చునా? కారణము వ్రాయుడు.
3. మీ యింటిలోనున్న తినివేయు ద్రవముల పేర్లు వ్రాసి, అవి ఎట్టి పాత్రలలో ఉన్నవో చూచి తెలుపుడు.