నీళ్లు కారుతున్నా కళ్లు పొడిబారినట్టేనా?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మధ్యాహ్నం దాటితే చాలు కళ్లు మండుతాయి, నలక పడ్డట్టు గరగరలాడతాయి, ఆపై ధారగా నీళ్లు. డాక్టరు గారేమో కళ్లు పొడిబారాయంటున్నారు. ఇంత నీరు కారుతుంటే పొడిబారడమేమిటి? బ్లూలైట్ కళ్లద్దాలు కొనమంటారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డాక్టరు గారు చెప్పింది నిజమే. నల్లగుడ్డు మీద ఎప్పుడూ ఒక పల్చటి కన్నీటి పొర ఉంటుంది. కంటికి అంటుకుని జిగురు, దానితో కలిసి నీరు, ఆ నీరు ఆవిరైపోకుండా పైన నూనె. ఈ నూనె రెప్పల అంచుల్లో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప పూర్తిగా వాలినప్పుడే ఆ గ్రంథులు నొక్కుకుని నూనె వదులుతాయి. మామూలుగా నిమిషానికి 15 సార్లకు పైగానే రెప్ప వేస్తాం. స్క్రీన్ మీద మనసు పెడితే అది 5, 6 సార్లకు పడిపోతుంది. ఆ వేసేది కూడా సగమే. దాంతో పొర అక్కడక్కడా చిట్లి, నల్లగుడ్డు గాలికి ఆరుతుంది. అక్కడి నరాలు మెదడుకు కబురు పెడితే, కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీరు వదులుతుంది. అందులో నూనె పాలు తక్కువ కాబట్టి అది బుగ్గ మీదికి జారిపోతుందే గాని కంటి మీద నిలవదు.

ముందు మీ బల్ల సర్దుకోండి. మానిటర్ పై అంచు మీ కంటి మట్టానికి కాస్త కిందే ఉండాలి. చూపు కిందికి ఉంటే రెప్ప కొంత వాలి, కన్ను గాలికి తక్కువ ఆరుతుంది. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకూడదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడమని మేం చెబుతుంటాం. ఆ సమయంలోనే కళ్లు మెత్తగా మూసి, రెండు లెక్కపెట్టి తెరవండి. నాలుగైదుసార్లు అలా చేయండి. నా దృష్టిలో చూపు మరల్చడం కన్నా ఇదే ముఖ్యం. బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ అద్దం దించుకోండి.

రాత్రి పడుకునే ముందు కాపడం పెట్టండి. శుభ్రమైన గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, మణికట్టు మీద వేడి చూసుకుని, మూసిన కళ్ల మీద వేసుకోండి. గుడ్డ రెండు నిమిషాల్లోపే చల్లారిపోతుంది, మళ్లీ ముంచుతూ ఉండాలి. పది నిమిషాలయ్యాక పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి వేలితో మృదువుగా నిమరండి. గడ్డకట్టిన నూనె కరిగి బయటికొస్తుంది. ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానేయకండి.

బ్లూలైట్ కళ్లద్దాల వల్ల ఈ ఇబ్బంది తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. కంటి చుక్కలు రోజుకు ఏడెనిమిదిసార్లు వేసుకున్నా మంట తగ్గడం లేదు. ఈమధ్య మంచినీళ్లు తాగితే గాని ముద్ద దిగడం లేదు. పొద్దున్నే వేళ్లు పట్టేస్తున్నాయి.
- ఒక ఉపాధ్యాయురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది కళ్లు కాదు, ఆ చివరి రెండు మాటలు. కళ్లతోపాటు నోరు ఎండిపోవడం, కీళ్లు పట్టేయడం ఉంటే షోగ్రెన్ సిండ్రోమ్ ఉందేమో చూడాలి. శరీర రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బు ఇది. మీ వయసు స్త్రీలలో ఎక్కువ. కంటి డాక్టరుతోపాటు కీళ్లవాతం నిపుణులను కూడా కలవండి. రక్తపరీక్షలు చేస్తారు. మీరు వాడే మందులన్నీ వాళ్లకు చూపించండి. తుమ్ములకు వేసుకునే సెటిరిజిన్ లాంటి మాత్రలు కూడా కంటిని పొడిబారుస్తాయి.

ఇక చుక్కలు. చాలా సీసాల్లో మందు పాడవకుండా బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటివి కలుపుతారు. రోజుకు నాలుగైదుసార్లకు మించి వేస్తే అదే కంటిని రేపుతుంది. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రాయమని అడగండి.

ప్రశ్న: కంట్లో ఆముదం, రోజ్‌వాటర్ వేస్తే చలవ అంటారు. వేసుకోవచ్చా?
- ఒక గృహిణి, వరంగల్

జవాబు: వద్దు. వంటింట్లోవి, అంగడి సీసాల్లోవి కంట్లో వేయడానికి శుద్ధి చేసినవి కావు. చనుబాలు, తేనె కూడా అంతే.

ప్రశ్న: కోతలప్పుడు మా నాన్నగారి కంట్లో వరి ఆకు కొట్టుకుంది. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలతో ఎరుపు తగ్గింది. వారానికి మళ్లీ నొప్పి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ. పొడిబారడమేనా?
- ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: కాదు. పత్రిక చేతికొచ్చేలోపే మీ నాన్నగారు ఆసుపత్రికి వెళ్లి ఉంటారని నా ఆశ. ఆకు గీరుకున్న చోట ఫంగస్ చేరి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. అలాంటి కంట్లో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గి నయమైనట్టు కనిపిస్తుంది, లోపల ఫంగస్ పెరిగిపోతుంది. చూపే పోవచ్చు. పుండు లేకున్నా, స్టెరాయిడ్‌ను నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు వస్తాయి.

పాఠకులందరికీ నా మనవి. ఇంట్లో ఉన్న చుక్కల సీసా తీసి చూడండి. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అన్న పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. ఒకరికి రాసింది మరొకరు వేసుకోవద్దు. డాక్టరు చెప్పిన గడువు దాటాక ఒక్క చుక్క కూడా వేయొద్దు. కన్ను నొప్పి పుట్టినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా ఆ సీసాను వెంట తీసుకుని అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.