విత్తన నిల్వ గదిలో తడిగాలి ధర్మాలు

నిల్వ గదిని చల్లబరిస్తే విత్తనం క్షేమమన్న అభిప్రాయం విద్యార్థులలో తరచుగా కనిపిస్తుంది. ఇది సగం నిజం మాత్రమే. విత్తనంలోని తేమ ప్రధానంగా చుట్టూ ఉన్న గాలి సాపేక్ష ఆర్ద్రతతో సమతాస్థితికి వస్తుంది.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద 60 శాతం ఆర్ద్రత గల గాలిలో, ప్రతి కిలో పొడిగాలికి సుమారు 16 గ్రాముల నీటియావిరి ఉంటుంది. దీనిని 22 డిగ్రీలకు చల్లబరిస్తే ఆవిరి ఏమాత్రం తగ్గదు. ఆర్ద్రత మాత్రం 96 శాతానికి చేరుతుంది. గది హాయిగా ఉంటుంది, విత్తనం బూజు పడుతుంది. ఈ గాలి తుషార బిందువు సుమారు 21.4 డిగ్రీలు. అంతకు దిగువకు చల్లబరచినప్పుడే ఆవిరి నీరై వేరవుతుంది.

అందుచేత గాలిని శీతల గొట్టాల మీదుగా 2 డిగ్రీల వరకు చల్లబరచవలెను. అప్పుడు మిగిలే ఆవిరి 4.4 గ్రాములే, కాని గాలి సంతృప్తమై ఉంటుంది. తిరిగి 15 డిగ్రీలకు వేడిచేస్తే ఆర్ద్రత 41 శాతానికి దిగుతుంది. చల్లబరచి మళ్లీ వేడిచేయడం విద్యుత్తు వృథాగా తోచవచ్చు. తేమను తొలగించడానికి అయ్యే ఖర్చు అది. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రత, ఆర్ద్రత శాతాల మొత్తం 100 మించరాదన్న హారింగ్టన్ నియమానికి ఈ స్థితి (59, 41) సరిగ్గా సరిపోతుంది. మొదటి గదిలో ఆ మొత్తం 168.

పంపిణీ నాడు మరొక జాగ్రత్త అవసరం. 15 డిగ్రీల సంచిని నేరుగా పై గాలిలోకి తెస్తే దానిపై నీరు చేరుతుంది. తేమ చొరని సంచులను, వాటి ఉష్ణోగ్రత తుషార బిందువును దాటే వరకు విప్పరాదు. గోనె సంచులను ముందుగా పొడి గదిలో ఉంచవలెను.