మడమ నొప్పీ, ఇంటి చెప్పులూ

బుజ్జీ,

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటోందనీ, కాసేపు నడిచాక సర్దుకుంటోందనీ, లాప్‌టాప్ ముందు గంట కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికొస్తోందనీ అన్నావు. ఆఫీసుకెళ్ళే రోజుల్లో లేని నొప్పి ఇంట్లో ఉంటే ఎందుకొచ్చిందని అడిగావు. ఇంట్లో ఉండబట్టే వచ్చిందే తల్లీ! అప్పుడు బూట్లు వేసుకునేదానివి. ఇప్పుడు రోజంతా గ్రానైటు మీద ఒట్టికాళ్ళతో తిరుగుతున్నావు, లేకపోతే కదలకుండా కూర్చుంటున్నావు.

మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. నిద్రలో పాదం కిందికి వాలి ఉండటంతో అది బిగుసుకుంటుంది. లేవగానే ఒళ్ళు బరువంతా దాని మీద మోపితే మడమ దగ్గర లాగుతుంది. ఎవరైనా ఎక్స్‌రే చూసి ముల్లు పెరిగిందంటే హడలిపోకు. ఏ నొప్పీ లేనివాళ్ళలోనూ ఆ ముల్లు కనబడుతుంది, ఫిజియోథెరపీ చేసిన ఇన్నేళ్ళలో ఎంతమందికి చెప్పానో!

మంచం దిగకముందే ఆ కాలు రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్ళని చేత్తో నీవైపు వెనక్కి లాగి పట్టుకో. పది అంకెలు లెక్కపెట్టి వదులు. అలా 10 సార్లు, రోజుకి మూడు పూటలా. పిక్కలు బిగిసినా మడమకే చేటు. అందుకని గోడకి చేతులానించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకి వాలి అర నిమిషం ఉండు. సాయంత్రం ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి అరికాలి కింద దొర్లించు. చాలామందికి వీటితోనే తగ్గుతుంది. కానీ వారాల్లో కాదు, కొన్ని నెలలు పడుతుంది.

ఇక చెప్పులు. ఇంట్లో చెప్పులేమిటని మీ అమ్మ గొడవ చేస్తుంది, నా చెల్లెలి సంగతి నాకు తెలీదా? మేమంతా షాబాదు బండల మీద ఒట్టికాళ్ళతోనే పెరిగామంటుంది. నిజమే. కానీ గడప దాటితే పెరడూ వీధీ అంతా మట్టే, పైగా ఒకచోట కూర్చున్నదెప్పుడు? కొత్త జత కొని కడిగి గడప లోపలే ఉంచు, బయటికి వేసుకెళ్ళకు. పూజగది దగ్గర విడువు. వంటింట్లో మాత్రం మీ అమ్మ మాట నేనొప్పుకోను, ఆడవాళ్ళు ఎక్కువసేపు నిలబడేది అక్కడే. కొనేటప్పుడు చేత్తో వంచి చూడు: వేళ్ళ దగ్గర వంగాలి, నడిమికి మడతపడకూడదు. అరిగిన హవాయి చెప్పులు వద్దు, తడి బాత్రూంలో జారి పడతావు.

మెట్ల మీద ఎప్పుడైనా కాలు మడతపడి చీలమండ వాచిందనుకో, మొదటి రెండు రోజులు వేడి కాపడం, నూనె మర్దన పెట్టుకోకు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచు. నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనక అంచు నొక్కితే నొప్పనిపించినా, కట్టు కట్టించే ముందు ఎక్స్‌రే తీయించు. ఏ దెబ్బా తగలకుండా ఒక్క పిక్కే వాచి నొప్పి పెడితే అది వేరే సంగతి. ఆ రోజే డాక్టరుకి చూపించాలి.

నీ గురించి నాకంత బెంగ లేదు, నీకు నొప్పి తెలుస్తోంది. మీ నాన్నకి షుగరు. ఆయన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవచ్చు. రోజూ రాత్రి అరికాళ్ళూ, వేళ్ళ సందులూ నువ్వే చూడు. స్నానం కాగానే సందుల్లో తడి లేకుండా తుడుచుకోమను. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, ఆనెకాయల్ని బ్లేడుతో కోయనివ్వకు. వేడినీళ్ళ టబ్బులో పాదాలు పెట్టుకోవడం మానిపించు. ఏ చిన్న పుండైనా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళు.

ఆయన ఇంట్లో కూడా ఎం.సి.ఆర్. చెప్పులే వేసుకోవాలి. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ బృందం కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాలకి వాడించిన మెత్తని రబ్బరే అది. నాకు తెలిసిన దుకాణంలో కొలత ఇచ్చి చేయిస్తాను. ఆయన్ని కాగితం మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ కాగితాలే కొరియర్లో పంపు. సాయంత్రం పూట గియ్యి, పొద్దున్నకంటే పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది.

నీ పెద్దమ్మ