వ్రాలిన కనుబొమలు

సమస్య



మాది రాజమహేంద్రవరము. వివాహానంతరము భర్తతో సింగపూరు వచ్చి, ఇచ్చటనే శాశ్వత నివాసము పొంది, టాంపినీస్‌లో కాపురముండి, ఒక కార్యాలయమున లెక్కల విభాగములో పనిచేయుచున్నాను. నాకిప్పుడు 49 ఏండ్లు. కొంతకాలముగా నా కనుబొమలు, అందునను వాని చివరలు, క్రిందికి జారి రెప్పలపై బరువు పెట్టినట్లున్నవి. నొసట అడ్డగీతలు లోతుపడినవి. సాయంకాలమునకు నుదురంతయు పట్టివేసినట్లు నొప్పి పుట్టును. కార్యాలయమున తోటివారు "ఒంట్లో బాగులేదా?" అనియు, సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెలలో కనబడిన మనవారు "ఏమమ్మా, కోపముగా ఉన్నావు?" అనియు అడుగుచుందురు. నాకు కోపమును లేదు, జబ్బును లేదు.

గత సంవత్సరము ఒక సౌందర్య చికిత్సాలయమున నొసటికి బొటాక్స్ సూదులు వేయించుకొంటిని. గీతలు పోయినవి గాని, కనుబొమలు మునుపటికన్న బరువై, కొన్ని వారములు కన్నులు తెరచుటయే ప్రయాసమైనది. ఇప్పుడొక స్నేహితురాలు కనుబొమలను పైకెత్తు బ్రో లిఫ్ట్ ఆపరేషను చేయించుకొమ్మనుచున్నది. దసరా వెళ్లినది, మాఘమాసమున విజయవాడలో మా అమ్మాయి పెండ్లి. మావారు "ఈ వయసులో నీకిదేమి వేడుక?" అనుచున్నారు. నేను కోరినది తప్పా? ఆపరేషను పిమ్మట ఎన్నాళ్లకు నలుగురిలోనికి రావచ్చును? అత్తగారు మాతోనే ఉందురు. ఆమెకు తెలియకుండ చేయించుకొన వీలగునా?

ఒక సోదరి, సింగపూరు

సలహా

సోదరీ,

మీరు కోరినది తప్పు కాదు. నెరసిన తలకు రంగు వేసికొనుటను, ఊడిన పంటికి మారు పన్ను కట్టించుకొనుటను సహజముగా ఎంచు లోకము, జారిన కనుబొమను దాని చోటునకు తెచ్చుకొనగోరిన స్త్రీని మాత్రము వేలెత్తి చూపుట న్యాయము కాదు. మీవారి మాటకు నొచ్చుకొనకుడు. వేడుక యని పైకి అన్నను, కత్తి యనిన భయమే ఆయనచేత ఆ మాట పలికించి యుండవచ్చును.

అయితే మీ లేఖలో నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆలోచింపజేసినది, మీరు ఫిర్యాదుగా మాత్రమే చెప్పి విడిచిన ఆ సూదుల సంగతి. కనుబొమలను పైకెత్తు కండరము నొసట ఒక్కటే కలదు; దానిని ఫ్రాంటాలిస్ అందురు. బొమల నడుమను, కంటి చుట్టును ఉన్న తక్కిన కండరములన్నియు క్రిందికి లాగునవే. కంటి పైరెప్ప సడలినప్పుడు గాని, దాని చర్మము చూపునకు అడ్డుపడినప్పుడు గాని, మనుష్యుడు తనకు తెలియకయే ఆ ఒక్క కండరమును దినమంతయు బిగించి కన్నులు తెరచుకొనుచుండును. అట్టి బిగింపువలన అడ్డగీతలు లోతుపడును, సాయంకాలమునకు నుదురు నొచ్చును. అటువంటి నొసటికి సూది వేసినచో, పాపము ఆ కండరము నిద్రించును, గీతలు మాయమగును, దానితోపాటు కనుబొమలకున్న ఆదరువును పోవును. మీకు జరిగినది ఇదియే కావచ్చునని నా అనుమానము. 2002లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ సౌందర్యము నిమిత్తము ఈ మందును మొదట అనుమతించినది బొమల నడిమి నిలువు గీతలకే. అచ్చట అది క్రిందికి లాగు కండరములను సడలించును గనుక మేలు చేయును. పైకెత్తు కండరముపై ప్రయోగించుటకు ఎక్కువ విచక్షణ కావలెను.

కనుక మీ మొదటి ప్రశ్న ఆపరేషనును గూర్చి కాదు, జారినది కనుబొమయా, రెప్పయా, రెండునా యనునది. పగటి వెలుతురులో అద్దము ముందు కూర్చుండి, కన్నులు మూసి, నొసటిని పూర్తిగా వదులుచేసి, కనుబొమలపై అరచేతిని మెత్తగా అదిమిపట్టి, అది కదలకుండ మెల్లగా కన్నులు తెరువుడు. రెప్ప నల్లగ్రుడ్డును ఎంతవరకు కప్పుచున్నదో అప్పుడు తెలియును. పిమ్మట కనుబొమ చివరను వ్రేలితో కొద్ది మిల్లీమీటర్లు మాత్రము పైకెత్తి చూడుడు. అంతమాత్రముననే కన్ను విచ్చుకొన్నచో దోషము కనుబొమది. దూలము క్రుంగి తలుపు పట్టివేసిన యింట తలుపును చిత్రిక పట్టించినందువలన ఏమి ప్రయోజనము? కనుబొమ జారినప్పుడు రెప్పచర్మమును కత్తిరించుటయు అట్టిదే. రెప్ప జారినప్పుడు కనుబొమను ఎత్తుట అంతకన్న పెద్ద పొరపాటు.

ఇంటి పరీక్ష అనుమానమును కలిగించును గాని నిశ్చయమును ఈయదు. ఔట్రమ్‌లోని సింగపూరు జాతీయ నేత్ర కేంద్రము వంటి చోట రెప్పల శస్త్రచికిత్సయందే ఆరితేరిన నేత్రవైద్యులు కలరు. ముందు అట్టివారికి చూపింపుడు. సాయంకాలమునకు రెప్పలు మరింత వ్రాలుటగాని, వస్తువులు రెండుగా కనబడుటగాని ఉన్నచో దాచక చెప్పుడు. అవి కండరముల రోగలక్షణములు కావచ్చును. కనుబొమల చివర వెండ్రుకలు పలుచబడినచో థైరాయిడు పరీక్షయు అవసరము. కేవల సౌందర్యమునకై చేయించుకొను ఆపరేషనుకు, వైద్యమునకై పొదుపు చేసిన మెడిసేవ్ సొమ్ము పనికిరాదు. రెప్ప చూపునకు అడ్డగుచున్నదని పరీక్షలో తేలినచో సంగతి వేరుగా ఉండవచ్చును.

దోషము కనుబొమదే యని తేలినదనుకొందము. పూర్వము తలవెండ్రుకలలో ఈ చెవినుండి ఆ చెవివరకు కోసి నొసటి చర్మమంతయు పైకి లాగి కుట్టెడివారు. 1990 దశకమునుండి వెండ్రుకల మాటున మూడు నుండి ఐదు చిన్న గంట్లు పెట్టి, ఎండోస్కోపు చొప్పించి, లోపలి పొరను ఎముకనుండి విడదీసి పైకి నిలుపు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. ఇందు నుదురు కొంత వెడల్పగును. సహజముగానే మీది విశాలమైన నుదురైనచో వెండ్రుకల అంచుననే కోయు పద్ధతిని గూర్చి వైద్యుని అడుగుడు. మీరు పాపట ఎచ్చట తీయుదురో ముందే చూపింపుడు, మచ్చ అందులో పడకుండ చూతురు. తిరుమలలో తలనీలాల మ్రొక్కు ఉన్నచో, గుండుపై ఆ మచ్చలు కనబడునని తెలిసియుండుడు. చెవులు కుట్టినచోట మీకు మచ్చ ఉబ్బి యున్నచో అదియు చెప్పవలెను.

నొసటి చర్మమునకు రక్తప్రసారము మిక్కిలి సమృద్ధము. 1794లో లండను పత్రికయొకటి పూనాలో కవాస్జీ యను బండివానికి నొసటి చర్మముతో క్రొత్త ముక్కు అమర్చిన వైనమును చిత్రముతోసహా ప్రకటించినది. ఆ చర్మము అంత సులభముగ అతుకుకొనుట రక్తపుష్టివలననే. కనుకనే మీ గాయమును త్వరగా మానును, కమిలిన రక్తమును అంత ధారాళముగా రెప్పలలోనికి, చెక్కిళ్లలోనికి దిగును. మొదటి రెండు మూడు దినములు ముఖము మీదిగా తోచదు. తల ఎత్తుగా పెట్టుకొని పండుకొనవలెను. వారము పదిదినములలో కుట్లు తీయుదురు. రెండు వారములకు కార్యాలయమునకు పోవచ్చును. వంగి ముగ్గు పెట్టుట, బరువులెత్తుట వైద్యుడు సరేయనువరకు కూడదు. మొదట కనుబొమలు మరీ పైకి, ఏదో విని విస్తుపోయినట్లు కనబడును. కొన్ని వారములలో అవి దిగి కుదురుకొనును.

ఎవరును ముందుగా చెప్పని సంగతి మొద్దుబారుట. మీరు ఉదయమున బొట్టు పెట్టుకొనినప్పుడు వ్రేలికి నుదురు తగులును గాని, నుదుటికి వ్రేలు తగిలినట్లు తెలియకపోవచ్చును. దువ్వెన తలపై ప్రాకుట కూడ అంతే. కొన్ని నెలలకు నరములు తేరుకొనునప్పుడు విపరీతమైన దురద పుట్టును, అది మేలుకే. గంట్లచుట్టు వెండ్రుకలు కొంతకాలము రాలవచ్చును. రెండు కనుబొమలు సరిసమానముగ నిలువకపోవుట, నొసటిని కదల్చు నరమునకు దెబ్బ తగులుట అరుదే యైనను లేనివి కావు.

ఇక పెండ్లి. పెండ్లికి ముందు ఈ పని వలదని నా స్పష్టమైన అభిప్రాయము. నాలుగు నెలలైనను లేని వ్యవధిలో రోగనిర్ణయము, ఆపరేషను, కుదురుబాటు, విజయవాడ ప్రయాణము, నిద్రలేని రాత్రులు, హోమధూమము, ఇవన్నియు ఇరికింపకుడు. మాఘము దాటనిండు. ఆలోపల సింగపూరు మెడికల్ కౌన్సిల్ పట్టికలో మీరెంచిన వైద్యుని పేరు ప్లాస్టిక్ సర్జరీ నిపుణుల వరుసలో ఉన్నదో లేదో చూచుకొనుడు. ఆస్పిరిను, చేపనూనె, వెల్లుల్లి మాత్రలు ఏవి వాడుచున్నను చెప్పుడు. వైద్యుని అనుమతి లేక మీయంత మీరు ఏ మందును మానకుడు.

అత్తగారికి తెలియకుండ చేయించుకొనుట ఒకే యింట సాగని పని. అంతకు మించి, మత్తుమందు తీసికొన్న మనిషిని మొదటి రాత్రి ఒంటరిగా విడువరాదు. ఒక ప్రక్కనే వాపు హఠాత్తుగా పెరిగి నొప్పి కలిగినను, చూపు మసకబారినను, అర్ధరాత్రియైనను ఆసుపత్రికి తీసికొనిపోవువారు కావలెను. అందుచేత మీవారిని మొదటి సంప్రదింపునకే వెంటబెట్టుకొని పొండు. ఆయన భయములను ఆయన నోటనే వైద్యుని అడుగనిండు.