పొలములోని నిస్తంత్రీ యంత్రములు: కాలమేళన సంకేతములు

చెఱువు క్రింద నీటి వంతులు నడుపుకొను రైతులకు ఈ పాఠములోని ముఖ్యాంశము క్రొత్తది కాదు. ఒకని వంతు ముగిసిన క్షణముననే రెండవవాని వంతు మొదలు కావలెను. ఇరువురి గడియారములును వేఱువేఱు వేళలు చూపినచో, ఒకే కాలువకు రెండు మడవలు ఒక్కసారి తెఱవబడును. లేదా నీరు ఎవరికిని గాక వృథాగా పోవును. నేల తేమను కొలుచు సెన్సారులును, దూరమునుండి మోటారును నడుపు స్టార్టరులును సెల్‌ఫోను టవరుతో పనిలేక తమలో తాము రేడియో తరంగములతో మాటలాడుకొనునప్పుడు, వానికిని ఇదే చిక్కు కలదు. ఆ చిక్కును తీర్చునది కాలమేళన సంకేతము. దీని నెఱుగక యంత్రములు కొనుట మంచిది కాదని తలంచి, ఈ నెల దీనినే పాఠముగా వ్రాయుచున్నాము.

గడియారపు తప్పు

ప్రతి యంత్రములోను ఒక చిన్న స్ఫటికము కంపించుచు కాలమును లెక్కించుచుండును. చవుక స్ఫటికము పదిలక్షలకు 20 పాళ్లు ముందుగానో వెనుకగానో నడచుట సాధారణము. ఇది స్వల్పమని తోచును. కాని దినమునకు 86,400 సెకండ్లు గావున, ఆ తప్పు దినమునకు 1.7 సెకండ్లగును. ఒక యంత్రము ముందునకును, వేఱొకటి వెనుకకును నడచినచో, వాని నడుమ ఎడము దినమునకు సుమారు 3.5 సెకండ్లకు పెరుగును. ఎండయు చలియు ఈ తప్పును ఇంకను మార్చును.

బాటరీతో నడచు యంత్రము సదా మేలుకొని యుండజాలదు. నియమిత వేళకు మేల్కొని, వినవలసినది విని, మరల నిద్రించును. గంట కొకసారి కాలమును సరిచూచుకొన్నచో ఎడము 0.14 సెకండు మాత్రమే. ఆ కొద్ది వ్యవధి అటునిటు చెవియొగ్గిన చాలును. దినమున కొకసారి సరిచూచుకొనునది 3.5 సెకండ్లు అటునిటు కాచుకొనవలెను. వినుటకును బాటరీ ఖర్చగును గదా! కాలమే గాక స్వరమును తప్పును: 866 మెగాహెర్ట్జుల వద్ద అదే స్ఫటికపు తప్పు 17 వేల హెర్ట్జులకు పైబడును.

సంకేతము పనిచేయు తీరు

గ్రామములో టముకు వేయువాడు ముందుగా టముకు కొట్టి, పిదప మాట చెప్పును. ఆ చప్పుడు అందఱికిని తెలిసినదే గావున, విన్నవారు పని విడిచి చెవి యొగ్గుదురు. కాలమేళన సంకేతమును ఇట్టిదే. దాని వరుస వినువాని జ్ఞాపకములో ముందే యుండును. వినువాడు వచ్చు తరంగముతో ఆ వరుసను జరిపి జరిపి పోల్చును. రెండును సరిగా కలిసిన క్షణమే కాలమునకు మొదలు. స్వర మెంత తప్పినదో కూడ దానివలననే తెలియును.

త్రీజీపీపీ అను అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 2020లో ముగిసిన తన 16వ విడుదలలో, ఐదవ తరపు యంత్రములు నేరుగా మాటలాడుకొను పద్ధతికి ఇట్టి సంకేతమును నిర్ణయించినది. 127 అంశముల వరుసలతో కూడిన ఈ సంకేతము 160 మిల్లీసెకండ్ల ఆవృత్తితో వచ్చును. కాలమును ఉపగ్రహమునుండి గాని, టవరునుండి గాని, పొరుగు యంత్రమునుండి గాని గ్రహింపవచ్చును. ఏదియు దొరకనిచో యంత్రము తన గడియారమునే నమ్మి తానే పెద్దయగును. ఎవరి మాట ముందు వినవలెనో ఆ క్రమమును ముందే నిర్ణయింపబడి యున్నది. ఈ క్రమము లేనిచో ఊరికి నలుగురు పెద్దలై ఏ పనియు సాగదు.

ఉమ్మడి బయలు

మన దేశములో 865 మొదలు 868 మెగాహెర్ట్జుల వఱకును, 2.4 గిగాహెర్ట్జుల వద్దను, 5 గిగాహెర్ట్జుల ప్రాంతమునను లైసెన్సు అక్కరలేని తరంగములు కలవు. ఇవి ఊరి మందబయలు వంటివి. ఎవరి పశువులైనను మేయవచ్చును. కాని ఇతరులవలన అంతరాయము కలిగినచో రక్షణ కోరు హక్కు ఎవరికిని లేదు.

2024లో ముగిసిన 18వ విడుదల, పై పద్ధతిని ఇట్టి తరంగములకును విస్తరింపజేసినది. ఇచ్చట మాటలాడుటకు ముందు వినవలెనను నియమము కలదు. బయలు ఖాళీగా లేనిచో కాలమేళన సంకేతమును పంపు వేళ తప్పిపోవును. వినువారందఱి గడియారములును జాఱును. అందులకై అదనపు వేళలు ఏర్పఱచిరి. 20 మెగాహెర్ట్జుల మార్గములో నూటికి 80 పాళ్లు నింపవలెనని యూరోపు నిబంధన. సంకేతపు వెడల్పో 2 లేక 4 మెగాహెర్ట్జులు మాత్రమే. కావున దానినే ప్రక్కప్రక్కన పలుమాఱులు పంపుదురు.

కొనుటకు ముందు అడుగవలసినవి

నేడు పొలములలో వాడు యంత్రములు పెక్కు ఇంతకంటె సరళములు. అయినను సూత్ర మొక్కటే. కావున సభ్యులు అమ్మువానిని ఈ ప్రశ్నలు అడుగవలెనని మా మనవి.

ఒకటి: యంత్రము కాలమును ఎవరినుండి గ్రహించును? ఎంతసేపటి కొకసారి సరిచూచుకొనును?

రెండు: పెద్దయైన యంత్రము చెడినచో వేఱొకటి దాని స్థానమును తీసికొనునా?

మూడు: సందేశము అందనిచో మోటారు తనంతట తానే ఆగునా? ఇది అన్నిటికంటె ముఖ్యము. ఆపుమను మాట దారిలో పోయినచో, ఎండిన బోరుపై నడచు మోటారు కాలిపోవచ్చును. ఉమ్మడి బయలులో మాట పోవుట వింత కాదు గావున, గడువు తీరగానే ఆగు స్టార్టరునే కొనవలెను.

నాలుగు: యంత్రమునకు కేంద్ర నిస్తంత్రీ శాఖవారి టైపు ఆమోదము కలదా?

ఒక ఆయకట్టు రైతులు వేఱువేఱు తీరుల యంత్రములు కొన్నచో, అవి ఒకదాని నొకటి వినజాలక, బయలును మాత్రము ఇఱుకు చేయును. అందఱును కలిసి ఒకే తీరువి కొన్నచో, ఒకరి యంత్రము వేఱొకరికి కాలము నందించును. సహకారమునకు ఇంతకంటె మంచి తార్కాణము కలదా?