డ్రోన్లలో రక్త నమూనాలు

రక్త, కఫ నమూనాలు ఆలస్యమైతే పాడవుతాయి. ట్రాఫిక్, కొండదారులు, వాగుల అడ్డంకి లేకుండా వాటిని ల్యాబ్‌కు చేర్చేందుకు, అలాగే మందులు, టీకాలు, రక్తం తరలించేందుకు డ్రోన్లను వాడుతున్నారు. గ్రూప్స్ పరీక్షల్లో సైన్స్-టెక్నాలజీ విభాగానికి ఉపయోగపడే ముఖ్యాంశాలివి.

• స్విట్జర్లాండ్: 2017లో లుగానోలోని రెండు ఆసుపత్రుల మధ్య స్విస్ పోస్ట్, మ్యాటర్‌నెట్ సంస్థలు నమూనాల రవాణాను ప్రయోగాత్మకంగా చేపట్టాయి.

• తెలంగాణ: 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో 'మెడిసిన్ ఫ్రమ్ ది స్కై' పేరుతో డ్రోన్లలో మందుల రవాణా ప్రారంభమైంది. ప్రపంచ ఆర్థిక వేదిక, నీతి ఆయోగ్ భాగస్వాములు.

• ఐ-డ్రోన్: ఇది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కార్యక్రమం. 2021 అక్టోబరు 4న మణిపుర్‌లో మొదలైంది. బిష్ణుపూర్ నుంచి లోక్‌తక్ సరస్సులోని కరాంగ్ దీవికి టీకాలు చేరాయి. రోడ్డు దూరం 26 కి.మీ., గగనమార్గం 15 కి.మీ.

• రక్తంపై పరీక్ష: 2023 మేలో గ్రేటర్ నోయిడా, ఢిల్లీ సంస్థలతో కలిసి ఐసీఎంఆర్ రక్తపు సంచులను డ్రోన్‌లో పంపింది. పోల్చి చూసేందుకు మరికొన్నింటిని అంబులెన్స్‌లో తరలించింది. కుదుపులకు ఎర్ర రక్తకణాలు చిట్లితే (హీమోలైసిస్) రక్తం పనికిరాదు. అందుకే ఈ జాగ్రత్త.

• నిబంధనలు: డ్రోన్ రూల్స్-2021 ఆగస్టు 25న నోటిఫై అయ్యాయి. బరువునుబట్టి నానో, మైక్రో, స్మాల్, మీడియం, లార్జ్ అని 5 రకాలు. గగనతలం గ్రీన్, ఎల్లో, రెడ్ జోన్లు. ఈ రూల్స్‌లో పేర్కొన్న అనుమతుల వేదిక: డిజిటల్ స్కై.

మాదిరి ప్రశ్న: నానో డ్రోన్ గరిష్ఠ బరువెంత?
జవాబు: 250 గ్రాములు.