నేతగాని వేళ్ళు: కీళ్ళ నొప్పికి కారణాలు, జాగ్రత్తలు

మగ్గం చెడితే వడ్రంగి బాగుచేయును. అచ్చు పాడైతే కొత్త అచ్చు కొనవచ్చును. వేళ్ళు పాడైతే కొనడానికి అంగడి లేదు. అయినను మన ఇండ్లలో నాడెకు చూపే శ్రద్ధ వేలికి చూపరు. ‘నేతపని అన్న తరువాత నొప్పులుండవా’ అని పెద్దలు ఊరుకొందురు, పిల్లలు వారిని చూచి ఊరుకొందురు. నొప్పి కీలు పట్టుగా మారి, వేలు ముడుచుకొనక, కూలి తగ్గిన తరువాత వైద్యుని వద్దకు పోవుట మనకు అలవాటైనది.

వేలి నొప్పిలో చాలా భాగము మనము వేలిని పట్టించే తీరు వలన, పనిని ఒక్కసారిగా పెంచడము వలన వచ్చును. ఈ రెంటిని దిద్దుకొంటే చాలామందికి మేలు కలుగును. అది ఎట్లో ఈ పాఠములో చూతము.

వేలిలో ఏమున్నది?

వేలిని ముడిచే పెద్ద కండలు వేలిలో లేవు. అవి ముంజేతిలో ఉన్నవి. ఆ కండలనుండి గట్టి త్రాళ్ళ వంటివి మణికట్టు దాటి, అరచేతి మీదుగా వేలి కొసవరకు పోవును. వీనిని స్నాయువులందురు. ముంజేతి కండ గుంజగానే త్రాడు బిగిసి వేలు ముడుచుకొనును. ఆ త్రాడు ఎముకను విడిచి పైకి లేవకుండ, ఉంగరముల వంటి పట్టీలు దానిని ఎముకకు అదిమి పట్టియుంచును. గాలపు కర్రకు దారము పోవుటకు ఉంగరములున్నట్లే ఇవియు.

కండకు రక్తము బాగుగా అందును గనుక అది త్వరగా కోలుకొనును. స్నాయువునకు, పట్టీకి రక్తము తక్కువ. కండ నొప్పి నాలుగు రోజులలో పోవచ్చును గాని, వీని దెబ్బ మానుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ‘నిన్న తగ్గినది, నేడు మరల వచ్చినది’ అని మనవారు చెప్పుటకు కారణమిదే. చేతికి బలము వచ్చినదనుకొని పనిలో దిగుదురు. లోపలి పట్టీ ఇంకను మానియుండదు.

బండలెక్కువారు నేర్పిన సంగతి

ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించినవారిలో బండలెక్కు క్రీడాకారులు ముఖ్యులు. వట్టి చేతులతో, వేలికొసలతో రాతి అంచులను పట్టుకొని పైకి పోవుట వారి క్రీడ. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఇది మొదటిసారి చేరినది. మన తెలుగునాట భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద ఇది నేర్పుదురు. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమెక్కిన మాలావత్ పూర్ణకు తొలి శిక్షణ ఆ బండ మీదనే జరిగినది. అదే జిల్లాలో పోచంపల్లి మగ్గములున్నవి. బండపై వ్రేలాడు వేలు, మగ్గముపై ఆడు వేలు ఒకే రకపు త్రాళ్ళతో పనిచేయును.

బండలెక్కువారు సన్నని అంచు దొరికినప్పుడు వేలి నడిమి కీలును బాగా ముడిచి, కొసకీలును వెనుకకు వంచి పట్టుదురు. ఈ పట్టు గట్టిదే. కాని ఇందులో వేలి మొదటనున్న పట్టీపై పడే బలము, కొసపై పడే బరువుకు కొన్ని రెట్లు ఉండును. అందుచేతనే వారికి ఉంగరపు వేలి పట్టీ తరచుగా తెగును. తెగునప్పుడు టప్పుమని చప్పుడు వినబడుట కద్దు. వేళ్ళను కొంత చాచి పట్టినచో ఆ బలము చాలా తగ్గును. కావున వారి గురువులు మూడు నియమములు చెప్పుదురు: వేళ్ళు వేడెక్కకముందు బలము పెట్టరాదు, చాచిన పట్టు అలవాటు చేసికొనవలెను, పనిని కొద్దికొద్దిగా పెంచవలెను.

మగ్గము వద్ద

మనము దేహపు బరువంతయు వేలిపై వేయము. కాని వారు గంటసేపు చేయునది మనము దినమంతయు చేయుదుము. నాడెను తోలు త్రాడు పిడిని అవసరమునకు మించి బిగించి పట్టువారికి, వేలి మొదట అరచేతిలో స్నాయువు ఒరిసి వాచును. ఉదయము లేవగానే వేలు ముడుచుకొనిపోయి, చాచబోతే టక్కున విడుచును. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరింత తరచుగా వచ్చును.

కొత్త పడుగు పోగులను పాతవానికి మెలిపెట్టి అతుకు పనిలో బొటనవేలు, చూపుడువేలు నలుగును. కొసను చిటికెడు బలము పెట్టినను బొటనవేలి మొదటి కీలుపై అది అనేక రెట్లై పడును. నడివయసు దాటిన స్త్రీలకు ఆ కీలే ముందుగా అరుగుట సాధారణము. కండెలు చుట్టి, పడుగు అతికి, ఆపైన ఇంట బట్టలు పిండు చేతికి విశ్రాంతి ఎక్కడిది?

నొప్పిని ఓర్చుకొనుట ఒక్కటే మార్గము కాదని మనవాడే చూపించినాడు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయుటకు ఒక చీరకు సుమారు 9 వేల మార్లు చేయి త్రిప్పవలెను. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడు భుజపు నొప్పి చూడలేక, ఏండ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రమును తయారుచేసెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మనకందరికి యంత్రము కట్టు నేర్పు లేకపోవచ్చును. పిడికి గుడ్డ చుట్టు నేర్పు ఉన్నది గదా!

చేయవలసిన పనులు

1. ఉదయము పనికి ముందు గోరువెచ్చని నీళ్ళలో చేతులుంచి, ఐదు నిమిషములు పిడికిలి మెల్లగా మూయుచు తెరచుచు ఉండవలెను. మొదటి పావుగంట నిదానముగా నేయవలెను.

2. పిడి సన్ననిదైతే గుడ్డ చుట్టి లావు చేయవలెను. లావు పిడికి తక్కువ బిగింపు చాలును. నాడె సాఫీగా నడచుటకు త్రాడు, నాడె దారి సరిచూచుకొనవలెను. మొరాయించు మగ్గము వేళ్ళనే తినును.

3. గంటకొకసారి ఐదు నిమిషములు చేయి విడిచి, వేళ్ళు పూర్తిగా చాచవలెను. పడుగు అతుకు పనిని ఒక్కరే ముగించక, ఇంటివారు వంతులు వేసికొనవలెను.

4. పండుగ తరువాతనో, జబ్బు తరువాతనో మగ్గమెక్కినప్పుడు మొదటి వారము సగము పని, రెండవ వారము ముప్పాతిక పని చేయవలెను. పెండ్లిండ్ల గిరాకీకి ఒక్కసారిగా రాత్రింబవళ్ళు నేయుట వలననే చాలా వేళ్ళు చెడును.

5. నొప్పి పుట్టిన వేలికి ఆ పని తగ్గించవలెను. అట్లని చేతిని పూర్తిగా కట్టివేసి వారముల తరబడి కదల్చకుండుట తగదు, కీలు బిగుసుకొనును. నొప్పి పెరగనంత మేరకు కదల్చుచుండవలెను.

6. వాచిన వేలిని లాగించుట, గట్టిగా మర్దన చేయించుట కూడదు. అంగడిలో నొప్పి మాత్రలు కొని దినదినము మింగి నేయుట అంతకన్న చెడ్డది. అవి కడుపును, మూత్రపిండములను చెరచును. నొప్పి తెలియనందున దెబ్బ మరింత ముదురును.

ఐదు నిమిషముల విశ్రాంతికి కూలి పోవునని కొందరందురు. లెక్క చూతము. ఎనిమిది గంటల పనిలో గంటకు ఐదు నిమిషములనగా దినమునకు 40 నిమిషములు. పట్టీ తెగి ఆరు వారములు మగ్గము దిగియున్నచో, వారమునకు ఆరు దినముల చొప్పున 288 గంటల పని పోవును. అది 432 దినముల విశ్రాంతికి సమానము. పని ఇచ్చు సావుకార్లు కూడ ఈ లెక్క గ్రహించి గడువులు పెట్టుట న్యాయము.

ఆలస్యము చేయరాని గుర్తులు

కొన్ని నొప్పులు పని వలన వచ్చునవి కావు. రెండు చేతుల కణుపులు ఒకేసారి వాచి, ఉదయము అరగంట, గంట దాటినను బిగుసుకొనియుండి, వారములు గడచినను తగ్గనిచో అది కీలువాతము కావచ్చును. దానికి త్వరగా మందు పడకపోతే కీళ్ళు వంకరపోవును. రాత్రివేళ బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్ళు తిమ్మిరెక్కుట మణికట్టులో నరము నలుగుటకు గుర్తు. చికున్‌గున్యా జ్వరము తరువాత కీళ్ళ నొప్పి నెలల తరబడి ఉండవచ్చును. చప్పుడై వేలు ముడువలేకపోయినను, కీలు ఎర్రబడి వేడెక్కి జ్వరము వచ్చినను ఆనాడే చూపించవలెను.

వ్యాసర్పాడి వారికి ఇందులో ఒక సౌకర్యమున్నది. మనకు దగ్గరలోనే పాత జైలు రోడ్డున స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి కలదు. చేతి గాయములకు, చేతి శస్త్రచికిత్సకు అక్కడ వైద్యులు ఆర్. వెంకటస్వామి 1971లో ప్రారంభించిన విభాగము నేడు దేశమంతటను పేరు పొందినది. టక్కుమను వేలికి తొలిదశలో చిన్న కట్టు, లేదా ఒక సూదిమందు తరచు చాలును. ముదిరినచో చిన్న శస్త్రచికిత్స. ఏ పని చేయునప్పుడు, ఏ వేలిలో, ఎప్పటినుండి నొప్పి కలదో వ్రాసికొని పోయినచో వైద్యునికి సులువగును.

పిల్లలకు నేత నేర్పునప్పుడు పోగు లెక్కతోపాటు చేయి పట్టు కూడ నేర్పుడు. ఇంటిలో ఎవరి వేలు ఉదయము బిగుసుకొనుచున్నదో ఈ వారమే అడిగి తెలిసికొనుడు. అత్తగారు చెప్పుకొనరు, కోడలు చెప్పుకొనదు, అడిగినవారికే తెలియును.